కొండమీది ఊరి లింకు

మంగళవారం రాత్రి, ముంచింగిపుట్టు

నిన్న నెట్ సెంటరు కంప్యూటరులో కొత్త సిస్టమ్ ఎక్కించాను. నేను రాసుకున్న నెట్‌వర్క్ సెట్టింగులు ఉంచాలా, దానితో వచ్చినవి వేయాలా అని మధ్యలో అడిగింది. కొత్తవే మంచివనుకున్నాను. తెల్లారేసరికి మా సెంటరు నుంచి కొండమీది ఊరికి వెళ్ళే వైర్‌లెస్ లింకు పోయింది.

అక్కడి నర్సమ్మ నడిచి దిగివచ్చింది. "ఏటన్నా ఇది? సుక్రికి ఎనిమిదో నెల, కాళ్ళు ఉబ్బిపోనాయి. డాక్టరుగారు వీడియోలో సూత్తానన్నారు. నీ కొత్త సోకులు తర్వాత, బేగి పాతది పెట్టు!" అని మళ్ళీ కొండెక్కింది.

పాత సెట్టింగుల్లో వైర్‌లెస్‌ని నడిపే మాడ్యూలుకి ఇచ్చిన రెండు లైన్లు గుర్తు చేసుకునేసరికి మధ్యాహ్నం దాటింది. ఈసారి వాటిని సిస్టమ్ ఫైలులో కాక, విడిగా నా ఫైలులో పెట్టాను. ఇకపై అప్‌గ్రేడ్ చేసినా వాటి జోలికి రాదు. ఈ పని నిన్ననే చేయాల్సింది.

సాయంత్రానికి లింకు వచ్చింది. డాక్టరుగారు సుక్రిని చూసి వెంటనే ఆసుపత్రికి పంపమన్నారు.

"లింకొచ్చీసింది కదన్నా, ఇంకా ఆ ముకమేటి?" అంది తెరమీద నర్సమ్మ, జీపు కోసం హడావిడి పడుతూనే.

డాక్టరుగారు పొద్దున్నే చూసి ఉంటే, ఆ జీపు వెలుతురుండగానే ఘాట్ రోడ్డు దిగేది. ఆసుపత్రికి చేరారన్న కబురు ఇంకా రాలేదు.