ఐదు తీర్ల సర్దులు

తొర్రూరు,
12-9-1981

చి.ల.సౌ. కళావతికి నీ వదిన అనసూయ దీవించి చెప్పగా, ఆమె భర్త సారంగపాణి రాస్తున్నది.

ఇక్కడ మేము బాగున్నాము. తమ్ముడు భాస్కర్‌కు బెజవాడ నుంచి కాజీపేటకు బదిలీ అయిందని, రైల్వే క్వార్టరు కూడా దొరికిందని తెలిసి నాకు కడుపు నిండింది. అమ్మ పోయిన తర్వాత నాకు పుట్టింటి బతుకమ్మ లేకుండా పోయింది. తమ్ముడేమో నిన్ను చేసుకున్నప్పటి నుంచి బెజవాడలోనే ఉన్నాడు. బతుకమ్మ ఆడని ఊరికి పోయి నేను ఎవరితో ఆడను? ఏటా మా వాడకట్టు ఆడవాళ్లందరూ పుట్టిళ్లకు పోతుంటే నేను మొహం చిన్నబుచ్చుకుని ఇంట్లో కూర్చునేదాన్ని. ఈసారి నేనూ పోతున్నానని కనబడ్డ వాళ్లకల్లా చెప్పుకున్నాను. ఇప్పుడు పోకపోతే వాళ్లకు మొహం చూపించలేను.

పండుగ ఆఖరి రోజు పొద్దున్నే మీ ఇంట్లో దిగుతాను. తంగేడు పూలు, గునుగు పూలు నేనే తెస్తాను. వాటి ఫికరు నీకు వద్దు. నీ వంతు ఒక్కటే, సర్దులు. ఐదు తీర్ల సర్దులు ఉండాలి. అమ్మ ఉన్నప్పుడు పొద్దు వాలకముందే ఐదూ అయిపోయేవి. ఒక్కటి తక్కువైనా అది పండుగలాగా ఉండదు. బెజవాడ పిల్లకు మన పండుగ చేతనవుతుందా అని చుట్టాలు అడిగారు. ఎందుకు చేతకాదని నేను అందరితో గట్టిగా వాదించి వచ్చాను.

ఇట్లు
నీ వదిన
అనసూయ

తా.క.: అమ్మా కళావతీ, ఈ నాలుగు ముక్కలు సారంగపాణి సొంతం. మీ వదిన చెప్పింది చెప్పినట్టు రాస్తే బడిలో తెలుగు చెప్పే నా పరువేం కాను? అందుకని ఆమె నోట "సద్దు" అని వచ్చిన చోటల్లా "సర్దు" అని దిద్ది రాశాను. భాష శుభ్రంగా ఉంటే ఏ గొడవా రాదు.

కాజీపేట,
20-9-1981

పూజ్యులైన వదినగారికి, అన్నయ్యగారికి కళావతి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన రోజే నడుముకు కొంగు చుట్టాను. "సర్దులు" అనే మాట మా వైపు లేదు. ఇల్లు సర్దడమే అయి ఉంటుందని అర్థం చేసుకున్నాను. ఐదు తీర్లంటే ఏవేవో మీ తమ్ముణ్ణి అడిగాను. "ఆడోళ్ల పండుగ, నన్నడుగుతవేంది. జర నువ్వే ఎట్లనో చెయ్" అని దుప్పటి కప్పుకున్నారు. అందుకని నేనే తేల్చుకున్నాను. వంటిల్లు, బీరువా, ట్రంకుపెట్టెలు, మంచాల కింద, అటక. మొత్తం ఐదు.

పండుగ ముందు రోజు గాభరాపడటం నాకు నచ్చదు. ఒక్కో వైపు పూర్తిగా ముగించాకే ఇంకోదాని జోలికి పోతున్నాను. డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం నిలబెట్టి, ఒక్కోదాని మీద పేరు రాసి అంటించాను. వంటింట్లో సర్ది, బీరువా దగ్గర సర్ది, అటక మీద సర్ది నా నడుము పడిపోయింది. మొదట నా ఒక్కదానితో పోతుందనుకున్నాను గానీ రెండు రోజుల్లో మీ తమ్ముడికీ పట్టుకుంది. నిన్న డ్యూటీ నుంచి రాగానే మంచమెక్కినవారు చీకటి పడేదాకా దిగలేదు. పక్క క్వార్టరు ఇమాంబీ మమ్మల్ని చూడటానికి వచ్చింది, ఆమెకూ అంటుకుంది. ఇప్పుడు మా వరసలో అన్ని ఇళ్లలో ఇదే.

మీరు నా తరఫున మాట్లాడారని రాశారు. ఆ మాట నిలబెడతాను. నేను పట్టిన పని వదిలేదాన్ని కాదు.

ఇట్లు
మీ మరదలు
కళావతి

తా.క.: మీ తమ్ముడి గార్డు టోపీని చాలా జాగ్రత్తగా ఒకచోట పెట్టాను. ఆ చోటు ఏదో గుర్తు రావడం లేదు. ఆయన ఉత్త తలతోనే పచ్చజెండా ఊపుతున్నారు. రైళ్లకు పట్టింపు లేదు, పోతూనే ఉన్నాయి.

తొర్రూరు,
25-9-1981

చి.ల.సౌ. కళావతికి, కంటి మీద కునుకు లేని నీ వదిన దీవెనలు.

నీ ఉత్తరం మీ అన్నయ్య చదివి వినిపిస్తుంటే నాకు కాలు చెయ్యి ఆడలేదు. వంటింట్లో సర్ది, బీరువా దగ్గర సర్ది, ఆఖరికి అటక మీద కూడా సర్ది. ఇంత సర్ది నేను ఎక్కడా వినలేదు. తమ్ముడికి చిన్నప్పటి నుంచి సర్ది పడదు. పట్టిందంటే కళ్లు ఎర్రబడి, ముద్ద దిగక పడుకుంటాడు. దవాఖానకు తీసుకుపో.

బస్సు డ్రైవరు మొగిలయ్య చేతికి సీసాలో పొడి ఇచ్చి పంపుతున్నాను. సర్దికి దీన్ని మించింది లేదు. పొద్దున, సాయంత్రం చిటికెడు చాలు. ఎక్కువ వాడితే మంట పుడుతుంది. ఇమాంబీకి కూడా కొంచెం ఇవ్వు, పాపం.

ఇంకో సంగతి చెప్పక తప్పదు. సర్ది ఉన్న ఇంటికి నేను రాలేను. సర్ది పూర్తిగా పోయిందని నువ్వు రాస్తేనే బస్సెక్కుతాను. ఇన్నేళ్లకు వచ్చిన పండుగ ఇట్లా అవుతున్నందుకు నాకు ఏడుపొస్తున్నది.

ఇట్లు
నీ వదిన
అనసూయ

తా.క.: సారంగపాణి సొంతం. సర్ది ఉర్దూ మాట కాబట్టి దాన్ని దిద్దే అధికారం నాకు లేదు. సర్దిని సర్దిగానే ఉంచాను.

కాజీపేట,
30-9-1981

వదినగారికి, అన్నయ్యగారికి కళావతి నమస్కారాలు. ఈసారి కోపంతో రాస్తున్నాను, పెద్దమనసుతో క్షమించాలి.

ఐదు తీర్ల సర్దమన్నది మీరే. ఇప్పుడు సర్ది ఉన్న ఇంటికి రానంటున్నదీ మీరే. మీ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా కలియజూశాను. ఎక్కడా ఒక్క చెంచా కూడా వంకరగా లేదు. మీరు రావాలంటే ఇదంతా మళ్లీ లాగి కింద పోయాలా? మీ తమ్ముడికి సర్ది పడదని రాశారు. అది నిజమేనని నాకు పెళ్లయిన వారంలోనే తెలిసింది. దానికి దవాఖానలో మందు ఉందని మాత్రం నాకు తెలియదు.

నేనొక మాట గట్టిగా చెబుతున్నాను. పండుగ దాకా ఈ ఇంట్లో సర్ది ఇలాగే ఉంటుంది. నేను పోనివ్వను. మీరు రాకపోతే బతుకమ్మ ఎలా పేర్చాలో నాకు చెప్పేవాళ్లు లేరు. ఆ రోజు మీ చెయ్యి పట్టుకుని నలుగురిలో ఆడాలని, ఈ ఇంటి కోడలినని అనిపించుకోవాలని ఎంతో ఆశపడ్డాను. మీరు మాత్రం శుభ్రమైన ఇల్లు చూసి అలిగారు. ఇలాంటి అలక మా వైపు ఎవరూ అలగరు.

ఇట్లు
కళావతి

తా.క.: మీ పొడి అందింది. పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు అలమరల్లోనూ బట్టల మడతల్లోనూ చల్లాను. బొద్దింకలు ఊరు విడిచిపోయాయి. మీ తమ్ముడు పెట్టెలోంచి తీసి తొడుక్కున్న చొక్కాతో ప్లాట్‌ఫారం మీద తుమ్మడం మొదలుపెడితే, స్టేషన్ మాస్టరు గారు రైలును కాసేపు ఆపారు. శుభమా అని బయల్దేరుతుంటే తుమ్మితే ఎలా అన్నారట.

కాజీపేట,
సద్దుల బతుకమ్మ, పొద్దున

కళావతికి నీ వదిన రాసేది.

ఈ ఉత్తరం నేనే రాస్తున్న. నాలుగో తరగతి దాక చదివిన, అక్షరాలు మర్చిపోలే. రాసిపెట్టే మనిషి తొర్రూర్ల ఉన్నడు. తమ్ముడు రాస్తనంటే వద్దన్న. నడుమ ఒక మొగోడు ఉంటే ఏమైతదో తెలిసొచ్చింది.

నువ్వు మందును అలమరల్ల చల్లిన్నని రాస్తే జ్వరం నీ నెత్తికెక్కిందనుకున్న. సర్ది పోనియ్య అన్నవు, ఇంక మతి కూడ తప్పుతాంది అనుకున్న. ఇగ ఆగలే. రోగమొచ్చినా నొప్పొచ్చినా పండుగ నా తమ్ముని ఇంట్లనే చెయ్యాలని, చీకటి ఉండంగ లేచి వండుకొని, క్యారియర్లు మోసుకొని తొలి బస్సెక్కిన. తలుపు తీసింది తమ్ముడు. మనిషి నిమ్మళంగ ఉన్నడు. "సర్ది ఎట్లున్నదిరా" అంటే "సర్దుడు మొత్తం అయిందక్కా" అన్నడు. కళావతేదిరా అంటే, నన్ను బతిమిలాడి తోలుకొస్తనని తొర్రూరు బస్సెక్కిందన్నడు. నీ బస్సు, నా బస్సు తొవ్వల ఎదురెదురు పోయి ఉంటయ్.

బిడ్డా, మాకు సర్ది అంటే పడిశం. ముక్కు కారుడు. నేను పంపింది శొంఠి, మిరియాల పొడి. ఇగ నేను మొదాలు అడిగింది సర్దులు కాదు, సద్దులు. సద్దులంటే అన్నం. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది. మీ బెజవాడోళ్ల చద్దన్నం కాదు, అప్పుడే వండి కలిపేది. నేను సద్దులంటే మీ అన్న సర్దులని రాసిండు, ఈడ ఆ మొదటి ఉత్తరం చూస్తే తెలిసింది. ఆ పంతులు ఇయ్యాల నా చేతికి దొరకలే, బతికిపోయిండు.

నీ ఇల్లంత తిరిగి చూసిన. అద్దం లెక్క ఉన్నది. గిదంత నా కోసమే సదిరిందా అని ఏడ్సిన. అమ్మ పోయినంక నా కోసం ఎవ్వలు గింత చెయ్యలే. నేను నిన్ను తక్కువ చేసిన్నని అనుకోకు. నువ్వు ఈ ఇంటి కోడలివే, ఎవ్వలనిపించే పని లేదు. ఇప్పుడు నువ్వు ఎనకకొస్తే పొద్దు గూకుతది. ఆడ్నే ఉండు. ఇమాంబీ పూల కాడలు కోస్తాంది, క్వార్టర్ల ఆడోళ్లంత వస్తాన్రు. మొగిలయ్య బస్సు పోతాందని తొందరగ రాసిన.

నీ వదిన
అనసూయ

తా.క.: బియ్యమని చీటీ అంటించిన డబ్బాల నా తమ్ముని టోపీ దొరికింది. మరి బియ్యం ఏడ పెట్టినవో జల్ది రాయి.

తొర్రూరు,
మరునాడు

వదినగారికి, నిన్న మీ ఇంటి గడప తొక్కిన కళావతి నమస్కారాలు.

బియ్యం ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఎందుకు పెట్టానని అడగకండి.

మీ ఉత్తరం మొగిలయ్య తెచ్చి ఇచ్చాడు. అన్నయ్యగారు దాన్ని పైకి చదువుతూ "సద్దులు" దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. తర్వాత చెంబు పట్టుకుని నూతి దగ్గరికి వెళ్లిపోయారు. నేను మాత్రం మీ వంటింట్లో కూర్చుని ఏడ్చాను. పండుగ చేయడానికి ఇంతగా కష్టపడి, సరిగ్గా ఆ రోజుకు నా ఇంట్లో నేను లేకుండా పోయాను. మిమ్మల్ని చూడను కూడా లేదు. తిరుగు బస్సుకు పోదామని సంచి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాను.

ఎదురింటి బక్కమ్మగారు తంగేడు పూలు ఒళ్లో పోసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. నా చేతిలో సంచీ, ఏడ్చిన కళ్లూ చూసి, "ఎవలింటి ఆడబిడ్డవు బిడ్డా, పండుగ పూట ఎనకకు పోతానవ్" అని అడిగారు. వెనక నుంచి అన్నయ్యగారు వచ్చి నా భుజం మీది సంచి తీసుకుని, "మా ఇంటి ఆడబిడ్డే. ఎటు పోతలేదు" అన్నారు.

ఆ తర్వాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. బక్కమ్మగారు చేతులకు గాజులు తొడిగి, తాంబాళం ముందు కూర్చోబెట్టి, ఒక్కో వరస ఎలా పేర్చాలో చూపించారు. ఐదు సద్దులూ నా చేతే కలిపించారు. పసుపు గౌరమ్మను నేనే చేశాను. సాయంత్రం ఆటలో నాకు అడుగు తప్పుతుంటే అటూ ఇటూ ఉన్నవాళ్లు చెయ్యి పట్టుకుని తిప్పారు. మీ వాడకట్టు వాళ్లు పుట్టిళ్లకు పోయినా, ఈ ఊళ్లో పుట్టిన ఆడబిడ్డలందరూ వచ్చారు. వాళ్లతో పాటు నాకూ బొట్టు పెట్టి, రవికె గుడ్డ ఇచ్చారు. "ఇంకో ఏడు కూడ రావాలె బిడ్డా" అన్నారు.

వదినగారూ, మా నాన్నకు ఈ పెళ్లి ఇష్టం లేదని మీకు తెలుసు. నేను గడప దాటిన రోజు నుంచి నన్ను ఆ ఇంటికి రమ్మని పిలిచినవాళ్లు లేరు. పుట్టిల్లు అనే మాట నేను పలకడం కూడా మానేశాను. కోడలిననిపించుకోవాలని నేను ఇంత పట్టుపట్టింది, ఉన్న ఆ ఒక్క ఇల్లయినా నాదవుతుందని. నిన్న రాత్రి మీ మంచం మీద పడుకుని, నన్ను ఈ ఊరు ఏమని పిలిచిందో తలచుకుంటే నిద్ర రాలేదు.

మీరు తొందరపడి తిరిగి రాకండి. మీ పుట్టింట్లో మీకు తనివి తీరేదాకా ఉండండి. నా పుట్టింట్లో నేను ఉంటాను.

ఇట్లు
తొర్రూరు ఆడబిడ్డ
కళావతి

తా.క.: నన్ను తీసుకుపోవడానికి మీ తమ్ముణ్ణి పంపేటప్పుడు మీరు కూడా ఆయనతో రండి. ఆయన ఒక్కరే వస్తే నన్ను ఇచ్చి పంపరట. అల్లుడు వస్తున్నాడని బక్కమ్మగారు ఇప్పటికే కోడిని చూసి పెట్టారు.