డ్యూటీలో నిద్రపోయిందెవరు

ఆదివారం రాత్రి, గోదావరిఖని

బావకు ఇంగ్లీషు చెప్పడం నా వల్ల కాదు. రేపే కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు కొలువుకు పరీక్ష. గట్టెక్కితే గనిలో తట్టతో బొగ్గు ఎత్తే పని తప్పుతుందని అక్క ఆశ. డ్యూటీలో తప్పు చేసినవాళ్ల మీద పరీక్షలో ఇంగ్లీషులో రిపోర్టు రాయాలట. అందుకే వారం నుంచి ఒకటే పాఠం: పని చేసిందెవరో చెప్పకపోతే అది పూర్తి వాక్యం కాదు.

ఈ సాయంత్రం కూడా "స్లెప్ట్ ఆన్ డ్యూటీ" అని రాసి పెన్ను పక్కన పెట్టాడు.

"ఎవరు బావా? పేరు రాయాలె."

"పేరు రాస్తే వాని కొలువు పోదా, పిల్లా?"

"ఏదో ఉత్తుత్తి పేరు, కొమురయ్య అని రాయి. లేనోని కొలువు ఎట్ల పోతది?"

"మా గనిల నలుగురున్నరు కొమురయ్యలు."

పొయ్యి దగ్గర నుంచి అక్క, "సర్దారువైతే పేర్లు రాసుడే గద నీ పని" అంది.

బావ మళ్లీ పెన్ను అందుకున్నాడు. వాక్యం ముందు "ఐ" చేర్చి, తప్పు తన మీదే వేసుకుని, కాగితం నా ముందుకు తోశాడు.

పూర్తి వాక్యమే. రైటు పెట్టక తప్పలేదు.

"వచ్చిందా?" అని అక్క అడిగితే వచ్చిందన్నాను. రేపు పరీక్షలో కూడా తానే నిద్రపోయానని రాసి వస్తే సర్దారు కొలువు ఎవరిస్తారు?