పావలా పడవ

ప్రియమైన లిఫ్టు మేస్త్రిగారికి,

మీరు ఫోనులో చెప్పిన ఉపాయానికి సరేనంటున్నాను. పాప పోయిన దగ్గర్నుంచి ఫోనెత్తితే మీరు "ఆ" అంటారు, నేను "ఊ" అంటాను. ఆ తర్వాత ఎవరో పిలుస్తున్నారనో, పొయ్యి మీద పాలున్నాయనో పెట్టేస్తాం. ఉత్తరాలైతే అవతలివాళ్ళ ఊపిరి వినబడదు. మీ షరతు కూడా బాగానే ఉంది. పాప ఊసు వద్దు, ఆస్పత్రి ఊసు వద్దు, మన పెళ్ళికి ముందు సంగతులే రాసుకోవాలి. చిన్నప్పటి షికార్లు, అప్పటి ధరలు. వాటితో ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు.

కాబట్టి మొదలుపెడుతున్నాను. జీతం అందిన ఆదివారం మా నాన్న మా నలుగురు పిల్లల్నీ బస్సులో ఎగ్జిబిషన్‌కో పార్కుకో తీసుకెళ్ళేవాడు. ఐదేళ్ళలోపు వాళ్ళకి టిక్కెట్టు లేదు. అందుకని నాలుగో తరగతి దాకా నాకు ఐదు నిండలేదు. కండక్టరు దగ్గరికొస్తుంటే నాన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కేవాడు. నేను మోకాళ్ళు వంచి, నోట్లో వేలు పెట్టుకునేదాన్ని. ఒకసారి ఆ కండక్టరు నవ్వుతూ, ఎక్కాలు వచ్చా అని అడిగాడు. నేను వేలు తీసి పదమూడో ఎక్కం గడగడా అప్పజెప్పాను. నాన్న కిక్కురుమనకుండా అర్ధరూపాయి తీసిచ్చాడు. దిగాక తిడతాడనుకున్నాను, తిట్టలేదు. పదమూడో ఎక్కం వచ్చినందుకు లోపల్లోపల పొంగిపోయినట్టున్నాడు.

కళ్ళజోళ్ళ కొట్లో పని మామూలే. అద్దాలు అరగదీసే మిషను కొత్తది కొన్నారు, పాతదానికన్నా ఎక్కువ చప్పుడు చేస్తుంది. మీరు వేళకి తినండి.

ఉంటాను,
మీ అద్దాలమ్మ


ప్రియమైన అద్దాలమ్మకి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను లిఫ్టు గుంతలో ఉన్నాను. వాచ్‌మన్ పైనుంచి వంగి అందించాడు. టార్చి వెలుగులో అక్కడే నిలబడి చదివాను. పదమూడో ఎక్కం దగ్గర నవ్వాలని తెలిసింది కానీ నవ్వు రాలేదు. తీరిగ్గా వస్తుందేమో చూస్తాను.

ఇక నా వంతు. నేను ఒంటికాయ సొంఠికొమ్మునని నీకు తెలుసు. అమ్మా నాన్నా నేనూ, ముగ్గురమే. నాన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చి సిరా చేతులతో వచ్చేవాడు. మాకు షికారంటే రైల్వేస్టేషను. రైలెక్కడానికి కాదు. ప్లాట్‌ఫారం టిక్కెట్లు మూడు తీసుకుని బెంచీ మీద కూర్చోవడానికి. నాన్న ఒక టీ కొని రెండు గ్లాసుల్లో పోయించేవాడు. వచ్చిన ప్రతి రైలునీ ఇది ఎంతదూరం పోతుందో అడిగి తెలుసుకునేవాడు. ఇంటికొస్తూ అమ్మ, రెండో రైలు బాగుంది, దానికే వెళ్ళాల్సింది అనేది. నాన్న, అందులో జనం ఎక్కువ, కాళ్ళు చాపుకోవడానికి ఉండదు అనేవాడు. ఎక్కని రైలు గురించి దారి పొడుగునా పోట్లాడుకునేవాళ్ళు. అంతా కలిపి నాలుగు రూపాయలు కూడా అయ్యేది కాదు. ఇప్పుడు ఈ ఊళ్ళో టీ ఒక్కటే దానికి ఎన్నో రెట్లు.

ఇంకో సంగతుంది. ఇది పెళ్ళికి ముందుది కాదు, అయినా రాయక తప్పదు. కంపెనీవాళ్ళు నన్ను ఇక్కడే పర్మినెంటుగా ఉండిపొమ్మంటున్నారు. ఒప్పుకుంటే ఇక అటు బదిలీ ఉండదు. నువ్వు ఆ ఇల్లు వదిలి రానని ముందే చెప్పావు. కాబట్టి ఒప్పుకుంటే మనం ఈ కాగితాల మీదే మిగులుతాం. ఒప్పుకోకపోతే నేను ఆ గుమ్మం తొక్కాలి. ఏది కష్టమో నాకు తెలియడం లేదు. నెలాఖరుకి చెప్పాలి. నువ్వేమంటావు?

నీ మేస్త్రి


ప్రియమైన మేస్త్రిగారికి,

మీ ఇష్టం.

ఇలా రాస్తే కోపంతో రాశాననుకుంటారు, కోపం లేదు. కోపం వస్తే బాగుండునని కూడా అనిపించింది. మీరు వస్తారనుకున్నా, రారనుకున్నా నాకు ఒకేలా ఉంది. పొద్దున లేస్తాను, స్నానం చేస్తాను, బస్సెక్కుతాను. మధ్యగది తలుపు వేసే ఉంచాను. ఈ ఇల్లు వదలనని ఎందుకన్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

కొట్టుకి ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ పెళ్ళినాటి కళ్ళజోడు ఇరవై రూపాయలట, ఇప్పుడు వేలు అడుగుతున్నారని మా మీద విరుచుకుపడింది. మా యజమాని తాపీగా, "అమ్మా, అప్పుడు మీ కళ్ళు కూడా బాగుండేవి" అన్నాడు. ఆవిడతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళు బయటపడ్డాక గానీ నవ్వానని తెలియలేదు.

షికారు రాయాలి కదా. ఎగ్జిబిషన్లో రంగులరాట్నం మనిషికి రూపాయి. నాన్న దగ్గర ఒక్కరికే సరిపడా ఉంటే చీట్లు వేశాడు. మా పెద్దక్కకి వచ్చింది. పైకి వెళ్ళి భయంతో కళ్ళు మూసుకుని దిగింది. మిగతా ముగ్గురం కింద నుంచి చూసినంత కూడా అది చూడలేదు. అంతే. రాస్తుంటే ఏమీ అనిపించలేదు. నా చిన్నతనం అయిపోవచ్చింది. మీ దగ్గర మిగిలి ఉంటే కాస్త పెద్దది రాయండి.

ఉంటాను,
మీ అద్దాలమ్మ


ప్రియమైన అద్దాలమ్మకి,

జవాబు ఆలస్యమైంది. పద్నాలుగు అంతస్తుల బిల్డింగులో తలుపులు మూసుకోకుండా మొరాయించాయి. రోజంతా లిఫ్టు నెత్తి మీద నిలబడి పైకీ కిందికీ తిరిగాను. పని బాగుంది. తలుపు మూసుకోకపోతే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

పెద్దది రాయమన్నావు. రాస్తున్నాను.

ఒక ఆదివారం మా నాన్న నన్నూ చెల్లెల్నీ సరస్సుకి తీసుకెళ్ళాడు. చెల్లెలికి నాలుగేళ్ళుంటాయి. అక్కడ హంసల్లాంటి పడవలు, కాళ్ళతో తొక్కేవి. టిక్కెట్టు పావలా. నారింజరంగు లైఫ్ జాకెట్టు తొడిగితే దాని మోకాళ్ళ దాకా వచ్చింది. చేతులు కిందికి దించడానికి రాక రెండు పక్కలా చాచి నిలబడింది. తీరా పడవ దగ్గరికి వెళ్ళాక ఎక్కనంది. హంస అన్నం తిందో లేదో ముందు తెలియాలట. పడవవాడు మంచివాడు, పొద్దున్నే పెట్టామమ్మా అన్నాడు. ఏం పెట్టారు అని నిలదీసింది. వాడు తడబడి గ్రీజు అన్నాడు. దానికి నమ్మకం కుదిరింది. మా ఇంట్లో గ్రీజు వాసన అలవాటే కదా, అదొక తిండే అనుకుని ఉంటుంది. ఎక్కి కూచుని హంస మెడ మీద చెయ్యి వేసింది.

ఒక చుట్టు తిరిగి రాగానే "ఇంకోసారి" అంది. పావలాయే కదా అని నాన్న మళ్ళీ టిక్కెట్టు తీశాడు. రెండోసారి ఎవరం తొక్కలేదు. పడవ దానంతటది ఊగుతుంటే చెల్లెలు నీళ్ళలో చెయ్యి పెట్టి కూచుంది. ఎంతసేపు ఉన్నా టైమైపోయిందని గట్టు మీంచి ఎవరూ ఈల వెయ్యలేదు. ఆ రోజుల్లో ధరలు అలా ఉండేవి. పర్సు తెరిచి చూసుకోవాల్సిన పని ఉండేది కాదు. పిల్ల అడిగితే కాదనాల్సిన పని ఉండేది కాదు.

కంపెనీకి ఇంకా చెప్పలేదు. ఉండిపోతాననే చెప్పేటట్టున్నాను.

నీ మేస్త్రి


ప్రియమైన పాప నాన్నగారికి,

మీకు చెల్లెలు లేదు.

మీ నాన్న చేతికి సిరా అంటేది. గ్రీజు అంటేది మీ చేతికి. మన చిన్నప్పుడు కూడా పావలాకి పడవ ఎక్కించినవాడు ఎవడూ లేడు. మనం వెళ్ళిన రోజు మనిషికి నూటయాభై, పిల్లలకీ అంతేనని బోర్డు మీద రాసి ఉంటే మీరు కౌంటరు అబ్బాయితో వాదించారు. ఆ అబ్బాయి చెవుల్లో తీగలు పెట్టుకుని వినిపించుకోలేదు.

మొదటిసారి చదివినప్పుడు, షరతు షరతే కదా, ఏమీ ఎరగనట్టు మా ఊరి పార్కు గురించి రాసి పంపేద్దాం అనుకున్నాను. కాగితం తీశాను కూడా. రాయలేకపోయాను. మర్నాడు కొట్లో మిషను వేసి, ఆ చప్పుడులో మీ ఉత్తరం మళ్ళీ చదివి ఏడ్చాను. ఆస్పత్రిలో రాని ఏడుపు, ఇంట్లో జనం నిండి ఉన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. కంట్లో గాజుపొడి పడిందేమోనని మా యజమాని చుక్కల మందు పట్టుకొచ్చాడు. వద్దనలేక వేయించుకున్నాను.

రెండో చుట్టు లేదు. అది మీకూ తెలుసు. పాప "ఇంకోసారి" అంటే మీరు పర్సు తెరిచి, మూసి, వచ్చే నెల జీతం రాగానే అన్నారు. నేనూ అదే మాట అన్నాను. మన దగ్గర బస్సు ఛార్జీలకే మిగిలింది. అందులో తప్పేమీ లేదు, పిల్లలున్న ప్రతి ఇంట్లో రోజూ అనే మాటే అది. వచ్చే నెలలో జ్వరం వస్తుందని ఎవరికి తెలుసు?

అన్నీ చవగ్గా ఉండే రోజుల్లోకి దాన్ని తీసుకుపోయి మీరు అడిగినన్నిసార్లు ఎక్కించారు. ఎక్కించండి, నేను కాదనను. కానీ చెల్లెలని చెప్పి కాదు. అది మన పిల్ల. ఇక నుంచి దాని ఊసు తప్ప నేను ఏదీ రాయను, అర్ధరూపాయిల గురించి అసలు రాయను. కంపెనీకి వద్దని చెప్పి బండెక్కండి. మొన్న మీ ఇష్టం అన్నాను. ఇప్పుడు అనడం లేదు, నాకు మీరు కావాలి. పాప ఉండే ఆ మధ్యగది తలుపు తెరవడం నా ఒక్కదాని చేత కాదు.

మీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు తిరిగొస్తుంటే బస్సులో చోటు లేక మీరు ముందు నిలబడ్డారు. పాప నా ఒళ్ళో ఉంది. పక్కసీటు ముసలావిడ ఎక్కడికెళ్ళొస్తున్నావని అడిగితే హంస పడవ ఎక్కానని చెప్పింది. ఒక్కసారేనా అంది ఆవిడ ఊరికే.

"రెండుసార్లు. మా నాన్న మళ్ళీ టిక్కెట్టు కొన్నాడు" అంది పాప.

ఒక్కసారే కదే అనబోయి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మీకు చెప్పి నవ్వుదామనుకున్నాను, పనుల్లో పడి మరిచిపోయాను.

ఎదురుచూస్తూ,
పాప వాళ్ళమ్మ