బెల్లం పెనం దగ్గర టోపాలజీ

అనకాపల్లి
2-2-1947, ఆదివారం రాత్రి

పొద్దున బెల్లం పెనం దగ్గర మేనత్త కొడుకు సూరిబావ అడిగాడు: "ఎమ్మే అయిపోయేక కూడా ఆ మద్రాసు యూనివర్సిటీలో ఇంకా ఏటి సెప్తారు బావా?"

నలుగురూ వింటున్నారు కదా అని టోపాలజీ అనే కొత్తరకం లెక్కల మీద ఉపన్యాసం దంచాను. అన్నీ మా ప్రొఫెసరుగారి మాటలే. అందరూ తలలూపారు. తెడ్డు తిప్పుతున్న సూరిబావ మాత్రం, "నాకేటీ తెలీలేదు బావా. మళ్లీ సెప్పు" అన్నాడు.

మళ్లీ చెప్పడానికి నాకు తెలిస్తేగా!

"నీ బుర్రకెక్కదులే" అన్నాను.

పాపం, నవ్వేసి పెనం వైపు తిరిగాడు. ఆ నవ్వు గుర్తొచ్చి రాత్రి అన్నం సయించలేదు.

చేరిన దగ్గర్నుంచీ ప్రొఫెసరుగారి క్లాసులో నేనూ తలూపుతూనే ఉన్నాను. "మళ్లీ చెప్పండి" అని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ప్రొఫెసరుగారు నేను సూరిబావని అన్న మాటే నన్నూ అంటారేమోనని.