చుక్కాని బిగుసుకోకూడదు

బావగారికి మీ మరదలు సలాం చేసి రాస్తున్నది.

సురబాయాలో పని వదిలి రావడం మీకు కష్టమని తెలుసు. అయినా ఒక్కసారి మన ఊరు బీరాకు వచ్చి మామయ్యతో మాట్లాడండి. నా మాట ఆయన వినరు.

మీ తమ్ముడు సానూసి లేకుండా తెరచాప పడవ ఒక్కటే సెలయార్ దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది కదా. అక్కడివాళ్లు దాన్ని తెచ్చి అప్పగించిన నాటినుంచి మామయ్య ప్రతి శుక్రవారం నమాజు కాగానే దాని దగ్గరకే వెళుతున్నారు. కప్పీలలో పేరుకున్న ఉప్పును మంచినీళ్లతో కడుగుతారు. కొక్కేలకు పట్టిన తుప్పు గీకుతారు. చుక్కాని కీళ్లకు గ్రీజు పూసి, అటూ ఇటూ తిప్పి చూస్తారు.

ఒకరోజు ఇమాంగారు అక్కడికే వెళ్లి, "శవం దొరక్కపోయినా జనాజా నమాజు చేయొచ్చు పెద్దాయనా. పిల్లవాణ్ణి సాగనంపుదాం" అన్నారు.

మామయ్య చెయ్యి ఆపలేదు. "వాడి కుడిభుజం నొప్పి సంగతి మీకేం తెలుసు? చుక్కాని బిగుసుకుంటే వాడు తిప్పలేడు. ఆ గ్రీజు డబ్బా ఇటివ్వండి" అన్నారు. ఇమాంగారు డబ్బా అందించి వెళ్లిపోయారు.

మీ తమ్ముడు కనబడకుండా పోయాక ఇది రెండో వర్షాకాలం. ఊరంతా నన్ను విధవ అంటోంది, ఒక్క మన ఇంట్లో తప్ప. మీరొచ్చి ఆ నమాజు చేయించండి. పడవను ఎవరికైనా ఇచ్చేయండి.

మొన్న శుక్రవారం మామయ్య జ్వరంతో లేవలేకపోయారు. నన్ను వెళ్లమని ఎవరూ అడగలేదు. నేనే వెళ్లి కప్పీలు కడిగాను, చుక్కాని తేలిగ్గా తిరిగేదాకా గ్రీజు పూశాను. అందుకే మీరు తొందరగా రావాలి.