నిర్మలమ్మగారి గోడబీరువా తలుపులు

చిత్తూరు

అబ్బాకు సలాం. ఫోన్‌లో అయితే సగంలోనే "వద్దు" అంటారని కార్డు రాస్తున్నాను. మీ చెయ్యి విరిగిందని నిర్మలమ్మగారింటి పని ఆగలేదు, గోడబీరువాకు కొత్త తలుపులు ఎక్కేశాయి!

నిన్న మాత్రం పెద్ద గండమే తప్పింది. మీరు కొలతలు తీసుకున్నాక వాళ్లు గదిలో టైల్స్ పరిచారు, నేల ఎత్తయింది. తలుపులు కింద పట్టేస్తున్నాయి. మీ బదులు పని చూస్తున్న నియాజ్ భాయ్ కింది అంచుకు చిత్రిక పట్టబోతే నిర్మలమ్మ పరుగున వచ్చి, "కింద పసుపు రాసి బొట్లు పెట్టినాను, లచ్చిమిని సెక్కతావా అబ్బయ్యా!" అని అడ్డం నిలబడింది. తలుపులే వద్దు పొమ్మంది. "పైన చెక్కి, బందులు కొంచెం పైకి జరిపి బిగిద్దాం భాయ్" అన్నాను. "డిగ్రీ సదివినోళ్లు సెప్పడమేనా, పట్టేది కూడా ఉండాదా?" అని చిత్రిక నా చేతిలో పెట్టాడు. ఆడపిల్లకు కొలతలు రాసే పని చాలని మీరన్నది గుర్తుంది. అయినా పట్టాను అబ్బా! రెండు తలుపులూ నేనే. ఇప్పుడు వేలితో తోస్తే మూసుకుంటాయి.

మేక ఈనిందా? మాత్రలు వేళకు వేసుకుంటున్నారా? నా పాత చుడీదార్లు రెండు పంపించండి, ఉన్నవాటి నిండా చెక్కపొట్టే.

కాణిపాకంలో నిర్మలమ్మ చెల్లెలూ తలుపులు మార్పిస్తోందట. "నిన్నే పంపమను మీ నాయనను" అని నిర్మలమ్మే అంది. భాయ్‌కి తోడుగా కాదు, పనికే వస్తానని చెప్పేశాను. కోప్పడేది ఉంటే, ముందొచ్చి ఈ తలుపులు ఒకసారి మూసి చూసి కోప్పడండి.

అమ్మీకి సలాం, మీ చేతికి నా దువా.

నౌరీన్