నిమ్మతోటలో ఎర్ర జెండాలు

సర్వే ఆఫీసు అమ్మాయికి నిమ్మతోట పెద్దాయన దీవెనలు.

నువ్వూ మీవాళ్లూ నేల చూపులు చూస్తూ నడిచి, మా తోటనిండా ఎర్ర జెండాలు గుచ్చిపోయారు. కరెంటు టవరు మా తోటలోకేనా తల్లీ? ఇవి నా చేత్తో పెంచిన చెట్లు. ఒక్కటి కొట్టినా నా ప్రాణం పోతుంది.

నిమ్మతోట పెద్దాయన

తా.క. ఒక జెండాను మా మేక తినేసింది. టవరు దానిమీద మాత్రం కట్టకండి.

*

పెద్దాయన గారికి నమస్కారం.

కంగారు పడకండి. లైను వేసేముందు నేలలో పాతకాలపు ఆనవాళ్లున్నాయేమో చూడటం మా పని. టవరు ఎక్కడ కట్టాలో ఆ జెండాలను బట్టే తేలుతుంది. దయచేసి కదపకండి.

సర్వే అధికారిణి

తా.క. మేకను కట్టేయండి.

*

అమ్మా,

ఏం గాలి వీచిందో ఏమో, జెండాలన్నీ కంచె దాటి మా బావ చేలో పడ్డాయి. బావంటే మా అక్క మొగుడు. పెళ్లినాటి నుంచీ నన్ను బోల్తా కొట్టించడమే ఆయన పని. టవరు ఆయన చేలో కట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

నీ పెద్దాయన

తా.క. అన్నీ నిటారుగా, వరసగా పడ్డాయి. మహా పద్ధతైన గాలి.

*

పెద్దాయన గారూ,

అయ్యో, ఎంత పని జరిగింది! పాత కుండపెంకులు కనబడిన చోట జెండా గుచ్చుతాం. అవి ఎక్కువున్న చోట టవరు కట్టరు, పక్కకు జరుపుతారు. పై అధికారిని అడిగి రాస్తాను. అందాకా ఏమీ చేయకండి.

సర్వే అధికారిణి

తా.క. ఆ గాలికి కూడా చెప్పండి.

*

అమ్మా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకు కూర్చుంటే, దేవుడిలా బావే వచ్చాడు. "బామ్మర్దీ, ఈ వయసులో నీ నిమ్మచెట్ల నీడన కూర్చోవాలనుందిరా. నా చేను తీసుకుని నీ తోట నాకివ్వు" అన్నాడు. పాపం, జెండాలున్న చోటికి టవరు రాదని ఆయనకు తెలీదు! చెట్లు ఎలాగూ పోతాయి, నేలైనా దక్కుతుందని ఏడుస్తూనే సరేనన్నాను. రిజిస్ట్రేషనూ అయిపోయింది. జన్మకొక్కసారి బావను బోల్తా కొట్టించాను తల్లీ!

నీ పెద్దాయన

తా.క. సంతకం నాకంటే ముందు ఆయనే పెట్టాడు.

*

పెద్దాయన గారికి,

ఎలా రాయాలో తెలియడం లేదు. పై అధికారిని అడిగితే, జెండాలు గుచ్చిన రోజే ప్రతి చోటునూ మెషీనుతో కొలిచి నమోదు చేశారని తెలిసింది. తర్వాత అవి ఎటుపోయినా లెక్కలోకి రావు. నిమ్మతోటలో ఒక్క చెట్టుకూ ఢోకా లేదు. టవరు పక్క చేలోకి జరిగింది.

సర్వే అధికారిణి

తా.క. ఇదంతా మీకు పోయిన వారమే రాయబోయాను. అంతలో మీ బావగారు తన చేలో జెండాలేమిటని అడగడానికొచ్చారు. విషయం చెబితే ఎంతో సంతోషించి, "ఉత్తరం దేనికమ్మా, మా బామ్మర్దికి నేనే చెబుతాను" అని టీ కూడా తాగకుండా మీ ఇంటికే బయల్దేరారు.